గోలీ ఆపింది ఎవరి మాట మీద?

పోయిన వారం బాన్సువాడ బస్టాండులో వరుసకు అన్న బిడ్డ కనబడింది. ఆరో నెల. బస్సు దిగి పది అడుగులు వేసేసరికే ఆయాసపడుతోంది. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరమొచ్చి, గుండెలో వాల్వు సన్నబడిన పిల్ల. సంచిలోంచి మెటోప్రొలాల్ పట్టీ తీసింది. పది గోలీల్లో ఎనిమిది అట్లనే ఉన్నాయి.

"కడుపుల బిడ్డకు మంచిది గాదని మా అత్తమ్మ ఆపమన్నది కాకా."

మందుల షాపాయన కూడా తలూపాడట.

ఇద్దరూ మంచి కోరే చెప్పారు. అయినా నా కోపం ఇంకా చల్లారలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. నెలలు నిండేసరికి గర్భసంచికే నిమిషానికి అర లీటరు పైన పోవాలి. బీపీ తగ్గితే మెదడు తన రక్తం తాను సర్దుకుంటుంది. మాయకు ఆ వీలు లేదు, తల్లి గుండె ఎంత పంపితే బిడ్డకు అంతే. సన్నబడిన వాల్వు దాటి రక్తం కిందికి దిగాలంటే కాస్త వ్యవధి కావాలి. గుండె దడదడలాడితే ఆ వ్యవధి దొరకదు, రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. ఆ ఆయాసం అదే. గుండె వేగం తగ్గించి ఆ వ్యవధి ఇచ్చేదే ఈ గోలీ.

బిడ్డకు చేటు చేసే గుండె మందులూ ఉన్నాయి. ఎనాలాప్రిల్, రామిప్రిల్ బిడ్డ కిడ్నీలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గిస్తాయి. అటెనొలాల్‌తో బిడ్డ ఎదుగుదల మందగించవచ్చు. వార్ఫరిన్ తొలి నెలల్లో ప్రమాదం. కాబట్టే ఏది మార్చాలో, ఎంత తగ్గించాలో, డాప్లర్ స్కానులో బొడ్డుతాడు రక్తం ఎట్లా పారుతోందో డాక్టరు చూసి చెప్పాలి. మందుల షాపు కౌంటరు దగ్గర తేలే సంగతి కాదిది.

2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97, తెలంగాణలో 43. సంతోషమే. 2022 డిసెంబరులో న్యూట్రిషన్ కిట్లు మన కామారెడ్డి జిల్లాకు కూడా వచ్చాయి. నెలనెలా 9వ తేదీన గర్భిణులకు పరీక్షలూ ఉన్నాయి. మరి ఆ పట్టీ మీద ఒక్క తెలుగు అక్షరం ఎందుకు లేదు? వరికి కొట్టే పురుగుమందు డబ్బాకు తెలుగు కాగితం ఉండాలని చట్టం ఉంది. పురుగుకు కొట్టేది తెలుగులో, కడుపుతో ఉన్న ఆడబిడ్డ మింగేది ఇంగ్లీషులో! పదేళ్లుగా ఇదే అడుగుతున్నాను, ఇంకా అడుగుతాను.

అక్కడే ఆమె డాక్టరమ్మకు ఫోను కలిపాం. ఆవిడ చెప్పింది విని, ఆ పట్టీ పెట్టిన కవరు మీద పెన్నుతో పెద్దక్షరాలతో రాసిచ్చాను: "నన్ను అడగకుండా ఆపొద్దు - డాక్టరమ్మ." అత్తమ్మకు చదువు వచ్చట, చూపిస్తానంది.