ఊరికే

"ఊరికే" అన్న మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. వెల చెల్లించకుండా దొరికినది ఊరికే వచ్చినది. ప్రయోజనమేదీ చూసుకోకుండా చేసినది ఊరికే చేసినది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్త్రీశక్తి పథకాన్ని ప్రారంభించి, ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో స్త్రీలకు మొదటి అర్థంలో ప్రయాణాన్ని అనుగ్రహించింది. రెండవ అర్థంలో అనుగ్రహించవలసినవారం మనం. ఆ పని ఇంకా చేయలేదు. ఈ టపా ఆ బాకీని గురించి.

చదువుకునే పిల్లల సంగతీ, ఉద్యోగాలకు వెళ్ళే స్త్రీల సంగతీ ఇక్కడ ఎత్తడం లేదు. వారి ప్రయాణానికి కారణం ఉంది, కనుక ఎవరూ ఆక్షేపించరు. నా ఆలోచన అంతా అరవై దాటిన స్త్రీల మీద. అందునా మా పాతపట్నం వంటి ఊళ్ళలో, పిల్లలు విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో తరలిపోగా, ఇంటికి తాళం వలె మిగిలిపోయిన తల్లుల మీద.

వీరు ప్రయాణాలు చేయలేదని కాదు. అరసవల్లి రథసప్తమికి వెళ్ళారు, శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్ళి వంశధారలో మునిగారు, శ్రీకూర్మంలో ప్రదక్షిణాలు చేశారు. కోడలి పురిటికి వెళ్ళారు, వియ్యంకుల ఇంట పరామర్శకు వెళ్ళారు, కళ్ళలో శుక్లాలు తీయించుకోవడానికి శ్రీకాకుళం వెళ్ళారు. జాబితా చిన్నదేమీ కాదు. కాని ప్రతి ప్రయాణానికీ ఒక పూచీకత్తు కావలసివచ్చింది. దేవుడో, బంధువో, వైద్యుడో హామీ ఉంటే తప్ప ఆమె గడప దాటలేదు. మగవాడు సాయంకాలం "అలా తిరిగి వస్తాను" అని చెప్పులు వేసుకొని బయలుదేరితే ఎక్కడికని అడిగేవారు లేరు. అదే మాట అరవైయేళ్ళ ఇల్లాలు అన్న ఇల్లు మీరెక్కడైనా చూశారా?

మా పెద్దమ్మ వరుస ఆవిడ ఒకరితో ఈ మాటే అన్నాను. కళింగపట్నం వెళ్ళి సముద్రం చూసి రారాదా, టిక్కెట్టు కూడా అక్కరలేదు కదా అని. "ఏటి బాబూ, సముద్రం సూడ్డానికి ఎల్నానని ఎవులికైనా సెప్తే నవ్వరా?" అన్నది. మొక్కు ఉందంటే మాత్రం నవ్వరట. దేవుడి మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ స్త్రీలకు ఇన్నేళ్ళూ లోకం చూపించినవాడు ఆయనే. కార్తీకమాసంలో వనభోజనాలని పేరు పెట్టి, ఉసిరిచెట్టు నీడన కూర్చోబెట్టి, ఒకరి వంట ఒకరికి రుచి చూపించి, కడుపారా నవ్వుకోనిచ్చిన ఆచారం కూడా మన పెద్దలదే. అంటే ఆ కోరిక వారిలో ఎప్పుడూ ఉన్నది. దానికి ఒక పుణ్యం ముసుగు కావలసివచ్చింది, అంతే.

స్త్రీ కేవలం చూడడం కోసం ప్రయాణం చేయడం మనకు మరీ కొత్తా అంటే అదీ కాదు. పోతం జానకమ్మ రాఘవయ్య 1870లలోనే ఇంగ్లండు వెళ్ళి వచ్చి, తాను చూసిన వింతలన్నీ పుస్తకంగా రాసింది. ఆ పుస్తకం ఆంగ్లరూపం 1876లో మద్రాసులో అచ్చయింది. కలిగిన ఇంటి స్త్రీకి అది సాధ్యమైంది. నూట యాభై యేళ్ళు గడిచిన తరువాత సామాన్య గృహిణికి యాభై అరవై కిలోమీటర్ల దూరాన ఉన్న సముద్రమైనా సాధ్యం కావద్దా?

ఈ విషయంలో ఒక పరదేశపు ఉదాహరణ చెబుతాను. స్కాట్లండులో 2006 ఏప్రిల్ నుంచి అరవై నిండిన వారందరికీ, స్త్రీపురుష భేదం లేకుండా, దేశమంతటా బస్సు ప్రయాణం ఉచితం. ఒక కార్డు ఇస్తారు; ఎక్కినప్పుడు చూపిస్తే చాలు. గ్లాస్గోలో ఉండే వృద్ధురాలు ఎండ కాసిన రోజున సముద్రతీరాన ఉన్న లార్గ్స్‌కు బస్సెక్కవచ్చు. అక్కడ ఐస్‌క్రీమో టీయో తీసుకొని, నీటి వైపు చూస్తూ కాసేపు కూర్చొని, చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. గ్లాస్గో జనం తరతరాలుగా ఆ తీరానికి విహారానికి వెళుతున్నవారే కనుక ఆమెను వింతగా చూసేవారు లేరు. అక్కడివారు మనకంటె ఉత్తములని నా భావం కాదు. అక్కడా ఒంటరితనం ఉంది, పైగా చలి ఉంది. కాని ఆమె తన మధ్యాహ్నానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. నాకు ఈర్ష్య కలిగించేది ఉచిత టిక్కెట్టు కంటె ఆ వెసులుబాటే.

మనవద్ద ఇప్పుడు టిక్కెట్టు దొరికింది, వెంటనే సంజాయిషీ అడగడం మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చినప్పుడు చూశాం, ఇక్కడా చూస్తున్నాం. "పని లేకపోయినా తిరుగుతున్నారు" అన్నది తరచుగా వినవచ్చే నింద. ఈ నిందలో కొంత భాగానికి జవాబు చెప్పవలసిందే. బస్సులు కిక్కిరిసి ఉన్నమాట నిజం. ఆటోలు నడుపుకునేవారికి రాబడి తగ్గినమాట నిజం. ప్రభుత్వం 2025 అక్టోబరులో వారికి తలా 15,000 రూపాయలు ఇవ్వడమే అందుకు సాక్ష్యం. ఉచితమన్నది ఎవరో ఒకరు చెల్లించే పన్ను అన్నమాటా నిజమే. కనుక బస్సులు పెంచమందాం, ఆటోవారి సంగతి చూడమందాం. కాని "పని లేకపోయినా" అన్న ముక్క దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. నలభై యేళ్ళు పొయ్యి దగ్గరా, పొలంలోనూ, పిల్లల మంచాల పక్కనా పని చేసిన మనిషిని, ఆ పని తీరిన తరువాత, పని లేకుండా ఎందుకు తిరుగుతున్నావని నిలదీయడం ఏమి న్యాయం?

ఇంకొక సంగతి గమనించండి. వృద్ధులను ఇల్లు కదలనీయని సౌకర్యాలు ఇటీవల పెరిగాయి. పింఛను ఒకటవ తారీఖున ఇంటికే వస్తున్నది. అది మంచిదే, నడవలేనివారికి వరమే. కాని వెనుకటి రోజులలో ఆ పింఛను కోసం వెళ్ళి, అరుగు మీద వరుసగా కూర్చొని, ఇరుగుపొరుగు గ్రామాల కబుర్లు చెప్పుకున్న పూట కూడా దానితోపాటే పోయింది. సరుకులు ఇంటికి, మాటలు ఫోనుకి, కథలు టీవీకి. గడప దాటడానికి మిగిలిన చివరి కారణం ఆసుపత్రి అయితే అంతకంటె దౌర్భాగ్యం ఏముంటుంది? రైల్వేవారు యాభై ఎనిమిదేళ్ళు దాటిన స్త్రీలకు ఛార్జీలో ఇచ్చే సగం రాయితీని 2020 మార్చిలో తీసివేశారన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగిన సంగతి.

మా ఊరి విషయంలో మరొక తమాషా ఉంది. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పాతపట్నానికి పర్లాకిమిడి కూతవేటు దూరం. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు అది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు వెళ్ళింది, మా ఊరు ఇటు మిగిలింది. చుట్టరికాలు మాత్రం విడిపోలేదు. నీలమణి దుర్గమ్మను కొలవడానికి అటువారు ఇటు వస్తారు, చీరలు కొనడానికి ఇటువారు అటు వెళతారు. స్త్రీశక్తి అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. కనుక మా ఊరి అవ్వ బస్సులు మారుతూ మారుతూ డబ్బు లేకుండా రాయలసీమ దాకా పోగలదు గాని, పక్కనున్న పర్లాకిమిడికి వెళ్ళి చెల్లెలిని చూడాలంటే కొంగున ముడి విప్పవలసిందే. ఇటువంటి సరిహద్దు ఊళ్ళకు కనీసం అవతలి మొదటి పట్టణం వరకైనా పథకాన్ని పొడిగించాలన్నది నా మొదటి కోరిక.

రెండవ కోరిక చిన్నది. బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి, నీడన కూర్చోవడానికి వీపు ఆనే బల్ల. ఈ రెండూ లేనందువల్ల నీళ్ళు తాగకుండా ప్రయాణం చేసే స్త్రీలు ఎందరో. మూత్రం ఆపుకొని సముద్రం చూసి ఆనందించమనడం పరిహాసమే అవుతుంది.

మూడవది ప్రభుత్వం చేయగలిగినది కాదు. దూరాన ఉన్న కొడుకులూ కూతుళ్ళూ ఫోను చేసినప్పుడు "మందులు వేసుకున్నావా, అన్నం తిన్నావా" అని అడుగుతారు. ఆ రెండింటి తరువాత "ఈ వారం ఎక్కడికైనా వెళ్ళావా అమ్మా?" అని మూడవ ప్రశ్న కూడా అడగండి. వెళ్ళానంటే "ఎందుకు" అనకండి, "ఏం చూశావు" అనండి. చూడదగినవి దగ్గరలోనే ఉన్నాయి. శాలిహుండం కొండ మీద బౌద్ధస్తూపాల పక్క నుంచి కిందికి చూస్తే వంశధార కనిపిస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి శీతకాలంలో పెలికాన్ పక్షులు వస్తాయి. ఆ పక్షులను ఎవరూ మొక్కు ఉందా అని అడగరు.

ఊరికే అన్నదానికి మూడవ అర్థం కూడా ఉంది. ఊరికే, అంటే ఊరి వైపుకే. ఎక్కడికి వెళ్ళినా ఆవిడ సాయంత్రానికి తిరిగి వచ్చేది ఊరికే. భయపడవలసినది ఏమీ లేదు. వెళ్ళనివ్వండి.