మీ ఓటీపీ ఎవరి ఫోనుకు పోతోంది?

ఓమాన్‌లో పనిచేసే తెలుగువాళ్లకు ఒక పిలుపు



ఇది చందా కాగితం కాదు. ఏ పార్టీదీ కాదు, ఏ కులానిదీ కాదు. ఈ దేశపు చట్టానికి ఎదురు నిలబడమని కూడా చెప్పదు. చదివాక పారేయకుండా పక్క మంచం మీదున్నవాడికి ఇవ్వండి. చదవడం రానివాళ్లుంటే మీరే చదివి వినిపించండి.

రూవీలో, హమ్రియాలో, ఘలాలో, బర్కాలో, సోహార్‌లో, సలాలాలో, దుక్మ్‌లో మనవాళ్లున్న ఏ రూముకు పోయినా సెలవు రోజున ఒకడు ఫోను పట్టుకుని తిట్టుకుంటూ కనబడతాడు. "ఓటీపీ రావట్లేదు." బ్యాంకు యాప్ తెరిస్తే ఓటీపీ. ఆధార్ చూడాలంటే ఓటీపీ. ఊళ్లో పొలం కాగితానికి ఓటీపీ. అది పోయేదేమో ఇండియా నంబరుకు. ఆ సిమ్ ఎక్కడుంది? కొందరికి పెట్టె అడుగున, పాస్‌పోర్టు జిరాక్సుల మధ్య. కొందరికి ఇంటి దగ్గర బామ్మర్ది ఫోనులో. ఇంకొందరికి, నోరు తెరిచి చెప్పుకోలేరు గానీ, వీసా ఇప్పించిన ఏజెంటు దగ్గర.

ఒక్కసారి ఆలోచించండి. సిమ్ ఎవడి చేతిలో ఉంటే బ్యాంకు వాడి చేతిలో ఉన్నట్టే. నలభై ఐదు డిగ్రీల ఎండలో షట్టరింగు మీద నిలబడి సంపాదించిన రియాల్ అది. ఇక్కడ వెయ్యి బైజాలు, అక్కడ రెండు వందల రూపాయల పైమాట. దాని తాళం మాత్రం ఇంకొకడి జేబులో.

సిమ్ ఎవరికీ ఇవ్వకుండా పెట్టెలోనే దాచుకున్నవాళ్లూ వినాలి. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. ఆపేశాక కనీసం ఇంకో 90 రోజులు ఆ నంబరును వేరేవాళ్లకు ఇవ్వరు. ఇండియా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 నవంబరులో సుప్రీంకోర్టుకు చెప్పిన మాట ఇదే. ఆ తర్వాత మీ నంబరు ఏ కాలేజీ కుర్రాడికో, ఏ గుంటూరు షాపాయనకో పోవచ్చు. ఆ మనిషి తప్పేమీ లేదు, దుకాణంలో కొత్త సిమ్ కొనుక్కున్నాడంతే. మీరు మాత్రం బ్యాంకులో పాత నంబరు మార్చలేదు. రెండేళ్లకు సెలవు మీద ఇంటికెళ్లి ఏటీఎం దగ్గర నిలబడితే, మీ ఖాతా సంగతులు ముక్కూముఖం తెలియనివాడి ఫోనుకు పోతుంటాయి.

దీనికి మందుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. 28 రోజులకోసారి డేటా ప్యాకు వేయించాల్సిన అగత్యం ఇప్పుడు లేదు. 2024 డిసెంబరులో ట్రాయ్ కొత్త నియమం తెచ్చింది. కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు కంపెనీలు అమ్మి తీరాలి, అలాంటి ప్యాకు గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. 2025 జనవరి నుంచి ఇవి దొరుకుతున్నాయి. దుకాణంవాడు డేటా ప్యాకే అంటగట్టబోతాడు. "వాయిస్, ఎస్ఎంఎస్ ప్యాకు, ఏడాదిది" అని అడిగి వేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. సిమ్ మాత్రం మీ దగ్గరే ఉండాలి, మీ ఫోను రెండో సిమ్ స్లాట్లో. రోమింగ్ ఆన్ చేయించుకోండి, డేటా రోమింగ్ ఆఫ్‌లో పెట్టండి, ఆ నంబరుకు వచ్చే కాల్స్ ఎత్తకండి. మామూలుగా వచ్చే ఎస్ఎంఎస్‌కు డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. మీ సిమ్ కంపెనీని ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.

ఇంకో దారి చాలామందికి తెలియదు. తెలియజెప్పే తీరిక బ్యాంకులకూ లేదు. ఎన్నారై డిపాజిట్లకైతే రంగురంగుల బోర్డులు పెడతారు. 2023 జనవరిలో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లకు యూపీఐ తలుపు తెరిచింది, అందులో ఓమాన్ ఉంది. మన +968 నంబరుతోనే, ఇండియా సిమ్ లేకుండానే, ఫోనులో యూపీఐ పెట్టుకోవచ్చు. షరతు ఒకటి: ఖాతా ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఈ గానీ ఎన్ఆర్ఓ గానీ అయి ఉండాలి. మనలో చాలామంది ఊళ్లో తీసిన మామూలు సేవింగ్స్ ఖాతాతోనే ఏళ్లు నెట్టుకొస్తున్నారు. విదేశంలో పనిచేసేవాడు అలా ఉంచుకోకూడదని విదేశీ మారకపు ఫెమా చట్టమే చెబుతోంది. మార్పించుకుంటే చట్టమూ నిలుస్తుంది, ఈ యూపీఐ సౌకర్యమూ వస్తుంది. అన్ని బ్యాంకులూ, అన్ని యాప్‌లూ ఇంకా ఇవ్వడం లేదు. మీ బ్రాంచికి రాతపూర్వకంగా అడగండి. రూములో నలుగురిది ఒకటే బ్యాంకైతే నలుగురూ కలిసి రాయండి. ఒక్కడి ఉత్తరం చెత్తబుట్టకు పోతుంది, నలుగురిదైతే మేనేజరు బల్ల మీదికి పోతుంది.

ఇక కాల్స్ సంగతి. వాట్సాప్‌లో మెసేజి పోతుంది, రికార్డు చేసిన మాట పోతుంది, బిడ్డ ఫోటో వస్తుంది. కాల్ నొక్కితే మాత్రం "కనెక్టింగ్" దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడి టెలికమ్యూనికేషన్స్ రెగ్యులేటరీ అథారిటీ లైసెన్సు లేని ఇంటర్నెట్ కాల్స్‌ను ఒప్పుకోదు కాబట్టి. ముప్పై ఏళ్ల కింద వచ్చిన పెద్దవాళ్లు క్యాసెట్లో మాట రికార్డు చేసి, సెలవుకు పోయేవాడి చేతికిచ్చి పంపేవాళ్లు. మాట చేరడానికి నెల పట్టేది, కానీ మధ్యలో ఎవడూ దొంగచాటుగా వినేవాడు కాదు. ఇప్పుడు మనం ఆత్రం కొద్దీ ఫ్రీ వీపీఎన్ వేసుకుంటున్నాం. ఫ్రీగా వచ్చే వీపీఎన్‌కు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో అడగండి. మన ఫోనులోంచి పోయే ప్రతిదీ వాడి చేతుల మీదుగా పోతుంది. అదే ఫోనులో ఎక్స్‌ఛేంజి యాప్, అదే ఫోనులో బ్యాంకు. పైగా బ్లాకు దాటడానికి వీపీఎన్ వాడటం ఈ దేశపు చట్టం మెచ్చదు. పట్టుబడితే మన తరఫున మాట్లాడేవాడు దొరకడం కష్టం.

2020 మార్చిలో కరోనా వేళ అదే అథారిటీ కొన్ని మీటింగ్ యాప్‌లకు దారి ఇచ్చింది. పిల్లల ముఖం చూసుకోవాలంటే ముందు గూగుల్ మీట్, జూమ్, టీమ్స్ లాంటివి ప్రయత్నించండి. ఇంట్లో అమ్మకు నేర్పడం కష్టమే, ఒప్పుకుంటాం. ఇంటర్ చదివే మేనకోడలికి నేర్పితే ఆమె అమ్మకు పెట్టి ఇస్తుంది. లేదంటే ఇంటర్నేషనల్ నిమిషాల ప్యాకు వేసుకుని మామూలు కాల్ చేయండి. ఒమన్‌టెల్, ఊరెడూ, వోడాఫోన్, వాటితోపాటు ఫ్రెండీ, రెన్నా, అందరి ప్యాకులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫోర్‌మన్ ఏది వాడితే అదే వేసుకోవాలని ఎక్కడా లేదు.

బతాకా, అంటే మన రెసిడెంట్ కార్డు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఇక్కడ సిమ్ మన బతాకా మీద రిజిస్టరవుతుంది. "అన్నా, నాది గడువైపోయింది, నీ పేరు మీద ఒక సిమ్ తీసివ్వు" అని అడిగేవాడు మంచివాడే కావచ్చు. వాడు దాన్ని ఇంకొకడికి ఇస్తాడు. ఆ ఇంకొకడు దాంతోనే, ఏటీఎం కార్డు బ్లాకైందని, సెంట్రల్ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని, హిందీలోనో ఉర్దూలోనో ఇంకో కూలివాడికి ఫోను చేస్తాడు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల కోసం. కమీషనిస్తామంటే బ్యాంకు ఖాతా అప్పివ్వడమూ ఇలాంటిదే. మొహమాటం పడకండి. తమ్ముడైనా సరే, సిమ్ ఇవ్వకండి, ఏటీఎం కార్డు ఇవ్వకండి, బతాకా ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఇలాంటి మోసపు ఫోన్ల గురించి ఓమాన్ పోలీసులూ సెంట్రల్ బ్యాంకూ హెచ్చరిస్తూనే ఉన్నారు. బ్యాంకు ఎప్పుడూ ఓటీపీ అడగదు, లాటరీ కొనకుండా తగలదు. ఇవి మీకు తెలిసినవే. ఇప్పుడు కొత్తగా జరుగుతున్నది ఇంటి వైపు నుంచి. "మీవాడు మస్కట్లో పోలీసులకు దొరికాడు, లాయరుకు వెంటనే డబ్బు పంపండి" అని అమ్మకు ఫోను. 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి కూడా 'డిజిటల్ అరెస్ట్' మోసాల గురించి చెప్పాల్సి వచ్చింది. భారత చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఇంటితో ఒక గుర్తుమాట పెట్టుకోండి, మీకూ ఇంట్లోవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియనిది. చిన్నప్పటి ఎద్దు పేరైనా చాలు. ఆ మాట చెప్పనివాడికి పైసా పంపొద్దని చెప్పండి. డబ్బు పోతే ఇంట్లోవాళ్లు ఇండియాలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఆ గంటలోనే ఫోను చేయాలి. పరువు పోతుందని రెండు రోజులు ఆగితే డబ్బు పది ఖాతాలు దాటిపోతుంది. ఇక్కడ మీకే జరిగితే ముందు బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి, తర్వాత పోలీసుల దగ్గరికి వెళ్లండి. అత్యవసరానికి 9999.

ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్ల మాట వేరు. వాళ్ల కష్టం యాప్‌తో కాదు, అసలు ఫోనే లేకపోవడంతో. కడప నుంచి, కోనసీమ నుంచి వచ్చి, దిగిన రోజే ఫోను మేడమ్ చేతిలో పెట్టినవాళ్లున్నారు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2016 జులైలో ఓమాన్‌లోని ఇంటిపని మనుషుల మీద పెద్ద నివేదిక వేసింది. పాస్‌పోర్టుతో పాటు ఫోను లాక్కోవడం, ఇంటితో మాట్లాడనివ్వకపోవడం అందులో రాసింది. వాళ్లకు ఈ కాగితం చేరదు. మీరు చేర్చగలరు. ఆ ఇంటి కారు నడిపే డ్రైవరు మనవాడే కావచ్చు. బఖాలాలో సరుకులిచ్చేవాడు, పక్కింట్లో తోట చూసేవాడు మనవాడే కావచ్చు. ఆమెతో రెండు మాటలు మాట్లాడే సందు దొరికితే ఒకటే చెప్పండి: ఇంటి నంబరు ఒకటి కంఠతా పట్టమనండి, ఫోనులో ఉందిలే అనుకోవద్దనండి. ఇంట్లోవాళ్లతో వారంలో ఒక రోజు మాట్లాడే ఏర్పాటు పెట్టుకోమనండి. రెండు వారాలు మాట లేకపోతే ఇంట్లోవాళ్లు ఏజెంటు చుట్టూ తిరగకుండా నేరుగా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. మస్కట్ అల్ ఖువైర్‌లోని భారత ఎంబసీ, ఫిర్యాదులు వినే ఓపెన్ హౌస్ పెడుతుంటుంది. తేదీ ఎంబసీ పేజీలో చూసుకుని వెళ్లండి. ఆమె బయటికి రాలేదు, ఆమె కోసం మీరు వెళ్లొచ్చు.

ఆమె వీడియో మీ చేతికొస్తే మాత్రం గ్రూపుల్లో తిప్పకండి. ఎంబసీకి పంపండి, ఇంటికి పంపండి. ఇక్కడ 12/2011 సైబర్ నేరాల చట్టం ఉంది. ఒకరి అనుమతి లేకుండా వాళ్ల ఫోటో, వీడియో నెట్‌లో పెట్టినవాడు జైలుకు పోగలడు. రోడ్డు ప్రమాదం వీడియోలకూ ఇదే వర్తిస్తుంది.

ఈ కాగితం వెనక గీతలు గీసి ఖాళీ వదిలాం. ఎంబసీ, బ్యాంకు నంబర్లు మేం అచ్చు వేయలేదు, కావాలనే. గూగుల్లో దొంగ కస్టమర్ కేర్ నంబర్లు ఉన్నట్టే రేపు దొంగ కరపత్రాలూ రావొచ్చు. ఎంబసీ నంబరు ఎంబసీ వెబ్‌సైట్ నుంచి, బ్యాంకు నంబరు కార్డు వెనక నుంచి చూసి మీ చేత్తో రాసుకోండి. ఫోను పోయిన రోజు ఈ కాగితమే మీ ఫోను.

చేయాల్సిన పని ఇది. వచ్చే శుక్రవారం, బట్టలుతికి, వంట అయ్యాక, నమాజు వేళ దాటాక, మీ రూములో ఒక గంట కూర్చోండి. ఫోను బాగా వచ్చిన కుర్రాడు ప్రతి క్యాంపులో ఒకడుంటాడు, రీల్స్ చూస్తూ పడుకునేవాడే. వాడిని లేపి మధ్యలో కూర్చోబెట్టండి. ఎవరి పాస్‌వర్డు వాళ్లే కొట్టాలి, వాడు చూడకూడదు. వాడి పని దారి చూపడమే. ప్రతి ఒక్కరూ వరసగా చూసుకోండి: ఇండియా సిమ్ ఎక్కడుంది, దాని గడువు ఎప్పటిదాకా, బ్యాంకులో ఏ నంబరుంది, ఖాతా ఏ రకం, ఫోనులో తెలియని యాప్‌లు ఏమున్నాయి. సిమ్ ఇంకొకరి దగ్గరుంటే అక్కడే కూర్చుని ఫోను చేసి, సెలవు ముగించుకుని ఇటు వచ్చేవాడి చేతికిచ్చి పంపమని అడగండి. ఇవ్వనంటే బ్యాంకుకు ఫోను చేసి ముందు నంబరు మార్పించే పని మొదలుపెట్టండి.

వచ్చేటప్పుడు బతాకా, బ్యాంకు పాస్‌బుక్కు, కళ్లద్దాలు తెచ్చుకోండి. ఛార్జరు కూడా. రూముకు ప్లగ్గులు రెండే కదా.

ఇట్లు,
రూవీ, హమ్రియా, ఘలా రూముల్లో ఉంటున్న కొందరు తెలుగు కార్మికులు