సుబ్బారావు విటమిను చేరని తెలుగు వంటిల్లు

అమెరికాలో ఏ సూపర్‌మార్కెట్టులోనైనా తెల్లని గోధుమపిండి సంచిని వెనుకకు త్రిప్పి చూస్తే, గోధుమపిండి అన్న మాట తరువాత కొన్ని పేర్లు వరుసగా కనిపిస్తాయి: నయాసిన్, ఇనుము, థయమిన్, రైబోఫ్లేవిన్, ఫోలిక్ ఆమ్లం. చివరి పేరు అక్కడ తప్పనిసరి అయినది 1998 జనవరి 1వ తేదీన. "ఎన్‌రిచ్‌డ్" అన్న ముద్రతో అమ్మే పిండి, రొట్టె, మాకరోనీ, బియ్యం మొదలైన ధాన్యపు ఆహారాలన్నింటిలోను ఆ విటమిను కలిసి తీరాలని ఎఫ్.డి.ఎ. 1996లో శాసించినది. పిండి లెక్కలో చెప్పాలంటే 100 గ్రాములకు సుమారు 140 మైక్రోగ్రాములు.

అదే ఊరిలోని ఇండియన్ స్టోరుకు వెళ్ళి ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాను త్రిప్పి చూస్తే సాధారణంగా కనిపించేది ఒక్కటే పేరు: బియ్యం. చపాతీలకు కొనే ఆటా సంచి మీద కూడా చాలా వరకు గోధుమ అన్న మాట తప్ప మరేమీ ఉండదు. వంటింట్లోకి ఏ సంచి వస్తున్నదన్నది రుచికి, అలవాటుకు సంబంధించిన విషయంగానే కనిపిస్తుంది. కాని పుట్టబోయే బిడ్డ వెన్నెముకకు, మెదడుకు దానితో సంబంధం కలదు.

ఫోలిక్ ఆమ్లం కథ తెలుగువారికి పరాయిది కాదు. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీలలో కనిపించిన తీవ్రమైన రక్తహీనతను పరిశోధించి, ఈస్టు నుండి తీసిన మార్మైట్ అనే చౌక పదార్థంతో అది నయమవుతున్నదని 1931లో ప్రకటించినది. అందులో ఉన్న గుణకారి ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే రసాయనజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అటువంటి పదార్థాన్ని రాబట్టి, ఆకు అన్న అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకుకూరను ఉడికించి వడగట్టడం పరిశోధనకు పనికివస్తుందే గాని ప్రజలకు మందు కాలేదు. దాని నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసి, సీసాలలోకి ఎక్కించగలిగినది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల బృందం, 1945లో. ఆనాడు ఆ పరిశోధనకు అధిపతి భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. తోడబుట్టినవారిని స్ప్రూ వ్యాధికి పోగొట్టుకొన్న మనిషి చేతిమీదుగా, ఆ వ్యాధికి పనిచేసే మందు బయటికి వచ్చినది. తెలుగు సంఘాల సావనీర్లలో సుబ్బారావు గారి బొమ్మ వేయడం పరిపాటి. ఆయన పేరు చెప్పుకొని గర్వించే ఇళ్ళలోని అన్నంలో మాత్రం ఆయన విటమిను ఉండదు.

ఈ విటమినుకు శిశువు ఆరోగ్యంతో ఉన్న సంబంధం ఆయన కాలానికి తెలియదు. కణం రెండుగా చీలాలంటే ముందుగా డి.ఎన్.ఎ.ను రెండింతలు చేసుకోవాలి, డి.ఎన్.ఎ.లోని నాలుగు అక్షరాలలో ఒకటైన థైమిన్‌ను తయారుచేయడానికి ఒక కార్బను పరమాణువును మోసుకొని వచ్చి అందించేది ఫోలేటు. అందుచేత కణాలు అతివేగంగా చీలే చోటనే దీని కొరత ముందుగా బయటపడుతుంది. పెద్దలలో అది ఎముకల మజ్జ, కనుకనే రక్తహీనత. పిండంలో అది నాడీనాళం. పరచిన చాప రెండు అంచులు పైకి లేచి ఒకదానితో ఒకటి కలిసి గొట్టమైనట్లుగా, పిండం వీపున ఉన్న పలుచని కణాల పొర చుట్టుకొని నాళమవుతుంది. ఆ నాళమే తరువాత మెదడు, వెన్నుపాము. క్రింది భాగంలో అంచులు కలవకపోతే స్పైనా బైఫిడా. బిడ్డ బ్రతుకుతుంది, కాని కాళ్ళలో పట్టు లేకపోవడం, మూత్రాశయం స్వాధీనంలో లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి బాధలతో, శస్త్రచికిత్సలతో జీవితం గడుస్తుంది. పై భాగంలో కలవకపోతే మెదడు, కపాలం ఏర్పడవు. ఆ బిడ్డ దక్కదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలం. ఈ నాళం మూసుకొనడం గర్భం నిలిచిన 28 రోజులలోపే పూర్తి అవుతుంది. అంటే నెల తప్పినదని అనుమానం వచ్చి, పరీక్ష చేసుకొని, డాక్టరు దగ్గర తేదీ దొరికి, అక్కడ విటమినుల చీటీ చేతికి వచ్చేనాటికి ఆ పని ముగిసిపోయి ఉంటుంది. తెలుగు కుటుంబాలు గర్భిణికి చేసే సేవలో లోపమేమీ లేదు. కుంకుమపువ్వు పాలు, ఏడవ నెలలో శ్రీమంతం, వీసా దొరికిన మరునాడే పెట్టె నిండా పథ్యపు పొడులతో విమానమెక్కి వచ్చే తల్లి, ఇంత శ్రద్ధ తీసుకొనే జాతులు తక్కువ. అయితే ఈ శ్రద్ధ అంతా శుభవార్త తెలిసిన తరువాత మొదలవుతుంది. ఈ ఒక్క విషయంలో అది ఆలస్యం.

సాక్ష్యం విషయంలో సందేహానికి తావు లేదు. బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి ఏడు దేశాలలోని 33 కేంద్రాలలో జరిపిన పరీక్షలో, అంతకుముందు ఒకసారి ఇటువంటి లోపంతో బిడ్డను పొందిన తల్లులకు గర్భానికి ముందునుండే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గినదని 1991లో తేలినది. ఫలితం అంత స్పష్టంగా ఉండడంచేత పరీక్షను మధ్యలోనే ఆపివేశారు. మరుసటి సంవత్సరమే అమెరికా ప్రజారోగ్య శాఖ, గర్భం వచ్చే వయసులో ఉన్న ప్రతి స్త్రీ రోజూ 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని చెప్పినది. చెప్పినంత మాత్రాన అందరూ మాత్ర వేసుకోరు గనుక, దానిని రొట్టెలో కలిపినది. ఆ కలపడం వలన ఏటా సుమారు 1,300 మంది శిశువులు ఈ లోపాలు లేకుండా పుడుతున్నారని అమెరికా వ్యాధి నివారణ సంస్థ సి.డి.సి. 2015లో అంచనా వేసినది. ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, రొట్టె తినేవారందరికీ జరిగిన ఉపకారమిది. రొట్టె ప్రధానాహారం కాని ఇంటికి అందులో వచ్చే వాటా స్వల్పం.

తెలుగు వంటింటిని ఈ దృష్టితో ఒకసారి పరిశీలిస్తే విషయం తేటపడుతుంది. ఉదయం ఇడ్లీ, దోసె, పెసరట్టు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు, రాత్రి చపాతీ. చక్కెరవ్యాధి భయంతో అన్నం మానినవారు కొర్రలు, అరికెలు, రాగులు వండుకుంటున్నారు. ఇవన్నీ మంచి ఆహారాలే. వీటిలో సాధారణంగా దేనిలోను బయటినుండి కలిపిన ఫోలిక్ ఆమ్లం లేదు. పూర్తి గోధుమను ఆడించిన పిండి "ఎన్‌రిచ్‌డ్" నిబంధన క్రిందికే రాదు. పోనీ, అమెరికన్ దుకాణంలో విటమినులు కలిపిన బియ్యమే కొని తెచ్చినారనుకున్నా, తెలుగు చేయి వాటిని మూడుసార్లు కడగనిదే ఎసటిలో పోయదు. గింజపై పూతగా ఉన్న విటమినులు ఆ కడుగునీళ్ళతో పోతాయి. వండే ముందు కడగవద్దు, వండిన తరువాత వార్చవద్దు అని ఆ సంచులపై వ్రాసి ఉండేది ఇందుకే. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అమ్మమ్మలకు అన్యాయం చేసినట్లవుతుంది. గంజి వార్చడం అజ్ఞానం కాదు. ఎక్కువ నీటిలో వండి వారిస్తే బియ్యంలోని ఆర్సెనిక్ 40 నుండి 60 శాతం వరకు తగ్గుతుందని ఎఫ్.డి.ఎ. వారే చెప్పారు, దానితోపాటు కలిపిన విటమినులలో సగానికి పైగా పోతాయని కూడా వారే చెప్పారు. కనుక వంట పద్ధతిని మార్చుకొమ్మని పోరడంకంటె విటమినును మరొక దారిన తెచ్చుకోవడమే తెలివి.

ఆకుకూరలు చాలవా అన్న ప్రశ్న సహజం. విటమినుకు పేరిచ్చినదే ఆకు కదా! పాలకూర, తోటకూర, గోంగూర, పప్పులు, అలసందలు, వీటిలో ఫోలేటు నిజంగానే ఉన్నది. ఉడికించిన పాలకూర అరకప్పులో సుమారు 130 మైక్రోగ్రాములు, అలసందలలో సుమారు 105. అయితే ప్రకృతిలోని ఫోలేటు, కర్మాగారంలో తయారైన ఫోలిక్ ఆమ్లం ఒకటే అణువు కావు. ఆకులో ఉన్నది గ్లుటామిక్ ఆమ్లపు తోక పొడవుగా ఉన్న అణువు. గాలికి, వేడికి సులువుగా చెడుతుంది, వంటనీటిలోకి దిగిపోతుంది, ప్రేగులో ఆ తోక తెగితే గాని ఒంటికి పట్టదు. కృత్రిమంగా చేసినది గట్టిపిండం: కాల్చిన రొట్టెలో సైతం నిలుస్తుంది, ఎక్కువ పాలు ఒంటికి పడుతుంది. ఆహారంలోని 1 మైక్రోగ్రాము ఫోలేటు, పిండిలో కలిపిన ఫోలిక్ ఆమ్లం 0.6 మైక్రోగ్రాముకు సమానమని పోషకాహార శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అన్నిటికీ మించి, 1991లోను ఆ తరువాతను బిడ్డలను కాపాడినట్లు పరీక్షలలో ఋజువైనది ఈ మాత్రలోని పదార్థమే. గోంగూర పచ్చడి మానవలసిన పని లేదు. దానిని మాత్రకు బదులుగా లెక్కించకూడదు, అంతే. సహజమైనదే శ్రేష్ఠమన్న నమ్మకం చాలా సందర్భాలలో మంచిదే గాని ఇక్కడ పనికిరాదు.

ఎవరికి ఎక్కువ అవసరం? ఇక్కడే పుట్టి పెరిగిన ఆడపిల్ల బడిలో రొట్టె, ఇంట్లో సీరియల్ తింటూ కొంత విటమినును తెలియకుండానే పొందుతుంది. డిసెంబరు సెలవులలో హైదరాబాదులోనో గుంటూరులోనో పెళ్ళి చేసుకొని జనవరిలో డల్లాసుకో న్యూజెర్సీకో కాపురానికి వచ్చే కొత్త కోడలికి ఆ అవకాశం తక్కువ. మొదటి ఏడాది ఆమె తినేది ఎక్కువగా ఇండియన్ స్టోరు బియ్యమే. ఎం.ఎస్. చదువుకు వచ్చి నలుగురు కలిసి ఒక అపార్టుమెంటులో వండుకొనే విద్యార్థినులదీ అదే స్థితి. ఈనాటి విద్యార్థిని రేపటి తల్లి. పెళ్ళి కాని పిల్లకు గర్భం మాట ఎట్లా చెప్పడమని తల్లులు సంకోచిస్తారు. చెప్పనవసరం లేదు. కౌమారం దాటిన ఆడపిల్లకు రోజూ ఒక మల్టీవిటమిను మాత్ర అలవాటు చేస్తే చాలు. సాధారణంగా దొరికే మాత్రలలో ఈ 400 మైక్రోగ్రాములు ఉంటాయి. అమెరికా నివారణ సేవల కార్యవర్గం 2023లో ఈ సిఫారసును మరల ధృవీకరించినది: గర్భానికి కనీసం ఒక నెల ముందునుండి మొదటి రెండు మూడు నెలల వరకు, రోజుకు 400 నుండి 800 మైక్రోగ్రాములు. ఈ దేశంలో గర్భధారణలలో దాదాపు సగం అనుకోకుండా వచ్చేవే గనుక, ఒక నెల ముందు అన్నది క్యాలెండరు చూసి జరిగే పని కాదు.

శాకాహార కుటుంబాలకు ఒక హెచ్చరిక అవసరం. ఫోలిక్ ఆమ్లం, బి12 ఒకే పనిలో జోడు ఎద్దుల వంటివి. బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్లు కనిపిస్తుంది. నరాలకు జరిగే నష్టం మాత్రం లోలోపల సాగిపోతుంది. డాక్టరు చెప్పనిదే రోజుకు 1,000 మైక్రోగ్రాములు మించవద్దన్నది ఇందుకే. పాలు, పెరుగు సరిగా తీసుకొనే శాకాహారులకు కొంత బి12 అందుతుంది. పాలు కూడా మానినవారికి అందదు. కాబట్టి రెండూ కలిసిన మాత్ర తీసుకోవడం, రక్తపరీక్షలో బి12 కూడా చూడమని డాక్టరును అడగడం మంచిది. ఇంతకుముందు ఇటువంటి లోపంతో గర్భం కలిగినవారికి మోతాదు పది రెట్లు, 4,000 మైక్రోగ్రాములు. మూర్ఛకు మందులు వాడేవారికి కూడా వేరే లెక్క ఉండవచ్చును. అది వైద్యుని నిర్ణయం, దుకాణంలో సీసా చూసి చేసుకొనేది కాదు.

ఇక తెలుగు సంఘాల బాధ్యత. సంఘాలు జరిపే ఆరోగ్య శిబిరాలలో రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు చూస్తారు. వరుసలో నిలబడేది ఎక్కువగా నడివయసు మగవారు. అవి అవసరమే. అయితే నివారణ అన్న మాటకు నిజమైన అర్థం ఉన్న చోట, అంటే రోగం పుట్టకముందే ఆపగల చోట, ఆ శిబిరంలో ఒక బల్ల కూడా ఉండదు. మెక్సికన్ అమెరికన్ల అనుభవం ఇక్కడ గమనింపదగినది. వారి ప్రధానాహారమైన మొక్కజొన్న మాసా పిండి 1998 నిబంధనలో చేరలేదు. హిస్పానిక్ తల్లుల బిడ్డలలో నాడీనాళ లోపాలు ఇతరులకంటె ఎక్కువగా కొనసాగాయి. మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థ, పిండి తయారీదారులు కలిసి 2012లో అర్జీ పెట్టుకోగా, ఆ పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడానికి 2016 ఏప్రిలులో ఎఫ్.డి.ఎ. అనుమతించినది. అనుమతి ఉన్నా చాలామంది కలపలేదు. అప్పుడు కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసి, 2026 జనవరి 1 నుండి ఆ రాష్ట్రంలో అమ్మే మాసా పిండిలో దానిని తప్పనిసరి చేసినది. ఒక జాతి తన వంటింటి సంచిని గురించి తాను మాట్లాడితే ఇంత జరిగినది.

సోనామసూరి దిగుమతిదారులు, ఆటా మిల్లుల యజమానులు తెలుగు సంఘాల మహాసభలకు రానివారు కారు. అక్కడ దుకాణాలు పెడతారు, ప్రకటనలిస్తారు. కడిగినా పోకుండా, బియ్యపు పిండిలో విటమినులు కలిపి గింజ ఆకారంలో తీసి, మామూలు బియ్యంలో కలిపే పద్ధతి ఈనాడు ఉన్నది. భారత ప్రభుత్వం చౌకధరల దుకాణాల బియ్యానికి ఎన్నుకొన్నది అదే. ఆ గింజలు కలిపిన బస్తా ఒకటి అమెరికా తెలుగువారి కోసం వేరుగా అమ్మగలరా, ధర ఎంత పెరుగుతుంది అని ఒక మహాసభ వేదిక మీద వారిని అడగవచ్చును.