మీ ముద్ర మీరే చెక్కుకోండి

ఒక్కసారి వంటింట్లోకి వెళ్ళి స్టీలు సామాను తిరగేసి చూడండి. ఏ గిన్నె మీద ఎవరి పేరుంది? పుట్టింటి నుంచి వచ్చినవాటి మీద నాన్నగారి పేరు. పెళ్ళిలో చదివించినవాటి మీద చదివించినవారి పేరు. కాపురానికి వచ్చాక కొన్నవాటి మీద శ్రీవారి పొడి అక్షరాలు. ఆ గిన్నెల్లో రోజూ వండి, తోమి, సర్దే మనిషి పేరు మాత్రం ఎంత వెతికినా అరుదుగానే కనిపిస్తుంది.

దెబ్బలాట పెట్టడానికి చెప్పడం లేదండీ! ఊరికే ఆలోచించండి. మన అమ్మమ్మల్లో చాలామంది ఎవరో చూపించిన చోట వేలిముద్ర వేశారు. మనం నాలుగక్షరాలు నేర్చుకున్నాం కాబట్టి సంతకం పెడుతున్నాం. పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద, బ్యాంకు ఫారం మీద, అదీ ఎవరో ఇంటూ గుర్తు పెట్టి చూపించిన చోటే. మనకి మనంగా, సరదాకి, ‘ఇది నేను’ అని ఒక గుర్తు వేసుకున్నది ఎప్పుడు?

అలాంటి గుర్తును సొంతంగా చెక్కుకుని, దాన్ని సంచీలో వేసుకుని నిధి వేటకి బయల్దేరే ఆట ఒకటుంది. దాని పేరు లెటర్‌బాక్సింగ్. బాక్సింగ్ అన్నారు కదా అని కంగారు పడకండి, ఇందులో గుద్దులాట ఏమీ లేదు!

సీసాతో మొదలైన సరదా

ఇంగ్లండుకి నైరుతి మూల డెవన్ అనే ప్రాంతం ఉంది. అందులో డార్ట్‌మూర్ అని పెద్ద బీడు. ఎక్కడ చూసినా రాతి గుట్టలు, గడ్డి, కాలు పెడితే దిగబడే చిత్తడి నేల. షెర్లాక్ హోమ్స్ నవలల్లో వేటకుక్క కథ జరిగేది ఇక్కడే. 1854లో జేమ్స్ పెరట్ అనే ఆయన ఆ బీడులో క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట రాళ్ళు పేర్చి, వాటి మధ్య ఒక గాజు సీసా పెట్టాడు. వచ్చినవాళ్ళకి దారి చూపించడం ఆయన వృత్తి. అంతదూరం బురదలో పడి నడిచినవాళ్ళు ‘మేమూ వచ్చాం’ అని చెప్పుకోవడానికి తమ విజిటింగ్ కార్డు ఆ సీసాలో వేసి వెళ్ళేవారు.

రానురాను సీసా పోయి డబ్బా వచ్చింది. జనం చిరునామా రాసిన ఉత్తరాలు కూడా అందులో పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ ఉత్తరాలు తీసుకెళ్ళి పోస్టు చెయ్యాలి! అందుకే దానికి లెటర్‌బాక్స్ అని పేరు పడింది. ఆ తర్వాత డబ్బాలో సందర్శకుల పుస్తకం, రబ్బరు స్టాంపు చేరాయి. 1937లో క్రాన్‌మియర్ పూల్ దగ్గర రాతితో శాశ్వతమైన పెట్టె కట్టారు. ఇప్పుడు ఒక్క డార్ట్‌మూర్‌లోనే ఇలాంటి డబ్బాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వంద డబ్బాలు కనిపెట్టినవాళ్ళని ‘100 క్లబ్’లో చేర్చుకుంటారు.

1998 ఏప్రిల్‌లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ పత్రిక ఈ ఆట మీద ఒక వ్యాసం వేసింది. దాంతో అక్కడా ఊపందుకుంది. అయితే అమెరికా వాళ్ళు దీనికి తమ వంతు మెరుగు పెట్టారు. షాపులో చేయించిన స్టాంపు కంటే చేత్తో చెక్కిన స్టాంపుకే వాళ్ళ దగ్గర గౌరవం ఎక్కువ. కాస్త వంకరగా ఉన్నా సరే!

ఆట ఎలాగంటే...

ఒకరు చిన్న డబ్బాలో ఒక నోటుపుస్తకం, తాము చెక్కిన స్టాంపు పెట్టి ఎక్కడో దాస్తారు. ఎక్కడ దాచారో సూటిగా చెప్పరు, ఆనవాళ్ళు మాత్రం ఇస్తారు. వెతికేవాళ్ళు తమ స్టాంపు, తమ పుస్తకం, ఇంకు ప్యాడ్ తీసుకుని బయల్దేరతారు. డబ్బా దొరికితే అందులోని పుస్తకంలో తమ స్టాంపు వేస్తారు. డబ్బాలోని స్టాంపును తమ పుస్తకంలో వేసుకుంటారు. తర్వాత డబ్బాని ఉన్నది ఉన్నట్టుగా మళ్ళీ దాచేస్తారు. అంతే! బహుమతి లేదు, డబ్బు లేదు. పుస్తకం నిండేకొద్దీ మీరు నడిచిన చోట్లన్నీ బొమ్మలుగా మీ దగ్గరుంటాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఆడేవాళ్ళు చాలామంది అసలు పేరు రాయరు. తామే ఒక పేరు పెట్టుకుంటారు. అక్కడ మీరు ఫలానా వారి భార్య కాదు, ఫలానా వాడి అమ్మ కాదు. మీ చేత్తో చెక్కిన బొమ్మే మీరు.

ఏం చెక్కుకోవాలి?

అసలు కష్టం ఇక్కడే ఉంది. ఆయనకి ఏ పచ్చడి ఇష్టం, పెద్దాడికి ఏ కూర పడదు, అత్తగారికి కాఫీలో పంచదార ఎంత అంటే తడుముకోకుండా చెబుతాం. ‘మరి మీకేది ఇష్టం?’ అంటే మాత్రం నీళ్ళు నములుతాం. అందుకే బొమ్మ ఎంచుకోవడానికి ఒక వారం తీసుకోండి, తొందరేం లేదు. పిల్లల పేర్లో, ఆయన పొడి అక్షరాలో ముందు గుర్తొస్తాయి. వాటిని పక్కన పెట్టండి. చిన్నప్పుడు ఎక్కిన జామచెట్టు, ఎప్పుడో నేర్చుకుని వదిలేసిన వీణ, ఇప్పటికీ చూడగానే ఆగిపోయే పిచ్చుక... ఏదైనా సరే, మీదై ఉండాలి.

ఇక చెక్కడం మనకి కొత్త విద్యేం కాదు. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి పువ్వులు అద్దని పిల్లలెవరు? కృష్ణా జిల్లా పెడనలో టేకు చెక్క మీద అచ్చులు చెక్కి, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు వాడి కలంకారీ బట్ట అద్దుతారు. మీ బీరువాలో ఉన్న కలంకారీ దుప్పటి దగ్గరగా చూడండి. ఒక అచ్చు ఎక్కడ ఆగిందో, పక్కది ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. అదే పని మనం రబ్బరు ముక్క మీద చేస్తున్నాం.

కావలసినవి:

పెన్సిల్ గీతలు చెరిపే తెల్లటి మెత్తని రబ్బరు, వీలైనంత పెద్దది - 1
2బి పెన్సిల్ - 1
వంటింటి బటర్ పేపర్ - చిన్న ముక్క
లినో కటర్ (డ్రాయింగ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది) లేదా పిడి ఉన్న సన్న కత్తి - 1
స్టాంపు ప్యాడ్ - 1
గీతల్లేని నోటుపుస్తకం - 1

చెక్కే విధానం:

ముందు రబ్బరు కొలతకి తగ్గట్టు బటర్ పేపర్ మీద పెన్సిల్‌తో బొమ్మ గట్టిగా గియ్యండి. కాగితాన్ని బోర్లించి, గీసిన వైపు రబ్బరుకి ఆనేలా పెట్టి, స్పూను వెనక భాగంతో రుద్దండి. బొమ్మ రబ్బరు మీదికి తిరగబడి దిగుతుంది. తిరగబడిందని దిద్దకండి! స్టాంపు వేసినప్పుడు అది మళ్ళీ తిరగబడి సరిగ్గా పడుతుంది. అక్షరాలు చెక్కేటప్పుడు ఈ సంగతి మరీ ముఖ్యం.

ఇప్పుడు గీత ఉన్న చోట రబ్బరు ఉంచి, గీత లేని చోట తీసెయ్యాలి. కత్తిని నిలువుగా కాకుండా గీత నుంచి బయటికి వాలుగా పట్టండి. అప్పుడు గీత కింద రబ్బరు వెడల్పుగా, కొండ పాదంలా నిలుస్తుంది. లోపలికి వాలిస్తే గీత అడుగున బోలు పడి, నాలుగుసార్లు వేసేసరికి ఊడొస్తుంది. లోతు రెండు మిల్లీమీటర్లు చాలు.

వంపులు వచ్చినప్పుడు కత్తి తిప్పకండి, రబ్బరు తిప్పండి. కత్తి ఉన్నచోటే ఉండాలి, ముక్క నెమ్మదిగా తిరగాలి. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రమే కాబట్టి ఈ కిటుకు పట్టుబడితే సగం పని అయినట్టే. కత్తి మొన ఎప్పుడూ మీ వేళ్ళకి ఎదురుగా రాకూడదు. వంటకి కూరలు తరిగే హడావుడిలో కాకుండా, తీరిగ్గా కూర్చుని చెయ్యాల్సిన పని ఇది.

కాస్త చెక్కగానే ప్యాడ్ మీద అద్ది పాత పేపరు మీద వేసి చూడండి. ఎక్కడ అనవసరపు మచ్చ పడిందో అక్కడే ఇంకొంచెం తియ్యండి. తీసిన రబ్బరు మళ్ళీ అతకదు కాబట్టి కొంచెం కొంచెంగానే తియ్యాలి, ఉప్పు వేసినట్టు.

మొదటిసారే పిచ్చుక చెక్కాలని కూర్చోకండి. నాలుగు రేకుల పద్మం ముగ్గుతో మొదలుపెట్టండి. అది తిరగేసినా ఒకేలా ఉంటుంది కాబట్టి కుడి ఎడమల గొడవ ఉండదు. ఇంకా భయమైతే బంగాళాదుంప సగానికి కోసి దాని మీద చెయ్యి తిరిగేదాకా సాధన చెయ్యండి.

చిట్కా: పని అయ్యాక స్టాంపును తడిగుడ్డతో తుడిచి, కాగితంలోనో నూలు గుడ్డలోనో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే ఇలాంటి రబ్బరు కొన్నాళ్ళకి దానికి అంటుకుపోతుంది. ఎండ తగిలే చోట కూడా పెట్టకండి.

మన దగ్గర ఎలా ఆడాలి?

డార్ట్‌మూర్‌లో అయితే బీడంతా వాళ్ళదే. మన దగ్గర బస్‌స్టాండులోనో, గుడి దగ్గరో, రైల్వే స్టేషన్లోనో డబ్బా వదిలితే పోలీసులు వస్తారు, వాళ్ళ తప్పూ కాదు. కాబట్టి తెలిసిన చోటే ఆడుకుందాం. అపార్ట్‌మెంటు ఆవరణ, పుట్టింటి పెరడు, చుట్టాల మామిడి తోట, లైబ్రేరియన్ ఒప్పుకుంటే ఊరి గ్రంథాలయం. స్థలం ఎవరిదైతే వాళ్ళకి ముందే చెప్పాలి. పాత కట్టడాల్లో దాచకూడదు. డార్ట్‌మూర్‌లోనూ ఇదే కట్టుబాటు. రాళ్ళ కింద, పొదల్లో అసలే వద్దు. మన రాళ్ళ కింద తేళ్ళుంటాయి!

ఇక ఆనవాళ్ళంటారా, పొడుపుకథలు మనకి పుట్టుకతో వచ్చాయి. ఉదాహరణకి మీ అపార్ట్‌మెంటు తోటలో ఒక డబ్బా దాచారనుకోండి. ఇలా రాసి నోటీసు బోర్డు దగ్గర పెట్టవచ్చు:

“కూరలోకి ముందు నేను, కంచంలోంచి ముందు నేను. నా మొదట్లో నిలబడి పొద్దు పొడిచే వైపు ఏడడుగులు వెయ్యి. నీళ్ళు మరిచిపోయిన కుండ నీకోసం ఒకటి దాచింది.”

చెట్టేమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పిల్లలకి తెలియాలంటే మాత్రం వాళ్ళు ఒక్కసారైనా వంటింట్లోకి రావాలి, అదో లాభం!

వేసవి సెలవుల్లో అక్కచెల్లెళ్ళందరూ పుట్టింట్లో కలిసినప్పుడు తలా ఒక ముద్ర చెక్కుకుని, పెరట్లో తలా ఒక డబ్బా దాచుకోండి. పెద్దవాళ్ళని కూడా వదలకండి. సంతకం చెయ్యడం రాని పెద్దమ్మ చేత కూడా ఆవిడకి నచ్చిన పువ్వు గీయించండి. కళ్ళు కనపడకపోతే చెక్కడం మీరు చెయ్యండి, కాగితం మీద వెయ్యడం మాత్రం ఆవిడే వెయ్యాలి.

కూతురి పురిటికో, కోడలి పురిటికో అమెరికా వెళ్ళి ఆర్నెల్లు ఉండే అమ్మలకి ఇంకో మాట. ఇంట్లో అందరూ ఆఫీసులకి వెళ్ళాక పొద్దుపోక కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నామని చాలామంది చెబుతుంటారు. అక్కడి పార్కుల్లో ఇలాంటి డబ్బాలున్నాయి. వెళ్ళేముందు సూట్‌కేసులో ఆవకాయతో పాటు మీ స్టాంపు కూడా పెట్టుకోండి. చెక్కే కత్తి మాత్రం చేతి సంచీలో వద్దు, విమానంలో ఒప్పుకోరు. శని ఆదివారాల్లో పిల్లలతో కలిసి ఆనవాళ్ళు విప్పుకుంటూ నడవండి. దొరికిన పుస్తకంలో మన ముగ్గో, మామిడి పిందో పడితే, తర్వాత వచ్చినవాళ్ళు ‘ఎవరబ్బా ఈవిడ!’ అని తప్పకుండా ఆగి చూస్తారు.

ఇంట్లో ‘ఈ వయసులో రబ్బరు చెక్కుతూ కూర్చున్నావేమిటి?’ అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. వాళ్ళ చేతికీ ఒక రబ్బరు ముక్క ఇచ్చి ‘మీదేం బొమ్మ?’ అని అడగండి. నీళ్ళు నమలడం వాళ్ళ వంతవుతుంది!

ఈ వారం పని ఇది. మధ్యాహ్నం అంట్లయ్యాక ఒక గంట తలుపు వేసుకుని కూర్చోండి. చెక్కడం పూర్తయ్యాక నోటుపుస్తకం మొదటి పేజీలో తేదీ రాసి, దాని కింద మీ ముద్ర వెయ్యండి. ఇంకు ఆరేదాకా పుస్తకం మూయకండి, అంటుకుంటుంది.