గుర్రానికి నాలుగు నెలల గడువు కావాలి

రుణంతో కొన్న వస్తువు మరునాటి నుండే ఆదాయం తీసుకురావాలని కోరుకోవడం సహజం. మరమగ్గం విషయంలో ఆ కోరిక చాలావరకు తీరుతుంది. విద్యుత్తు కలిపి, పడుగు ఎక్కిస్తే గుడ్డ దిగుతుంది. సూరత్‌లోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో నేతపని చేసుకుంటూ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే బండికి కట్టవలసిన గుర్రం మరమగ్గం వంటిది కాదు. అది ముందుగా నేర్చుకోవాలి, ఆ తరువాతనే సంపాదించాలి. నేర్చుకునే కాలానికి రుణపత్రంలో చోటు లేకపోతే నష్టపోయేది రుణగ్రహీత ఒక్కడే కాదు. గుర్రమూ నష్టపోతుంది, బ్యాంకూ నష్టపోతుంది. కనుక గుర్రపు బండికి ఇచ్చే ప్రతి రుణంలోను శిక్షణ కాలాన్ని యూనిట్ ఖర్చులో భాగంగా గుర్తించాలన్నది ఈ వ్యాస ఉద్దేశం.

గుర్రపు బండికి ఇంకా రోజులున్నాయా అని మీరు అడగవచ్చు. ప్రశ్న సమంజసమైనదే. ఒకప్పుడు మన పట్టణాలలో రైలు దిగినవారికి మొదట కనిపించేది జట్కా. 1980 అక్టోబరు 2 నుండి దేశంలోని అన్ని బ్లాకులకు విస్తరించి, 1999లో వేరే పథకంలో విలీనమైన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం అమలులో ఉన్న కాలంలోనే ఆటోరిక్షా జట్కాను పక్కకు నెట్టింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, తట్టువలు కలిపి సుమారు 3.4 లక్షలు మాత్రమే. 2012 గణనతో పోలిస్తే ఇది నూటికి 45 పాళ్ళకు పైగా తగ్గుదల. ప్రయాణ సాధనంగా గుర్రపు బండి కాలం దాదాపు చెల్లిపోయిందని ఒప్పుకోవాలి.

కాని పెళ్ళి ఊరేగింపు ఇంకా మిగిలి ఉంది. గుజరాత్‌లో వరుని ఊరేగింపును ‘వరఘోడో’ అంటారు. ఆ మాటలోనే గుర్రం ఉంది. వస్త్ర వ్యాపారంతో, వజ్రాల సానపనితో డబ్బు తిరిగే సూరత్ వంటి నగరంలో అలంకరించిన బగ్గీకి పెళ్ళి ముహూర్తాలలో గిరాకీ ఉండడంలో వింత లేదు. మగ్గం పక్కన రెండవ జీవనోపాధి కోసం చూసే కుటుంబానికి ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. చిక్కల్లా ఇక్కడే ఉంది. పెళ్ళి ఊరేగింపు కంటే కఠినమైన పరీక్ష గుర్రానికి మరొకటి లేదు. ముందు బ్యాండు మేళం, పక్కన బాణసంచా, చుట్టూ విద్యుద్దీపాలు, కాళ్ళ దగ్గర పిల్లలు, వెనుక వాహనాల హారన్లు! రెండు వారాల కిందట సంతలో కొన్న గుర్రాన్ని ఆ మధ్యలో నిలబెట్టడం సాహసం కాదు, అవివేకం.

ఈ విషయంలో సూరత్ చరిత్రలోనే మనకొక పాఠం ఉంది. 1615 సెప్టెంబరులో ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో సూరత్ దగ్గరి సువాలీ రేవులో దిగాడు. మొగలు చక్రవర్తి జహంగీరుకు తెచ్చిన కానుకలలో ఒక ఆంగ్ల గుర్రపు బండి ఉంది. ఆ బండితో పాటు దానిని తోలడం తెలిసిన మనిషిని కూడా పంపారు. జహంగీరు ఆ నమూనాలో మరొక బండి చేయించుకోగలిగాడు గాని, తోలే నేర్పు మాత్రం మనిషితోనే వచ్చింది. నాలుగు శతాబ్దాల తరువాత కూడా మన రుణ దరఖాస్తులలో బండి ధర, గుర్రం ధర ఉంటాయి. నేర్పు ధర ఉండదు.

ఆ నాలుగు నెలలలో జరగవలసినది ఏమిటో వివరంగా చూద్దాం. ఇక్కడ చెప్పేది నాలుగేళ్ళు నిండి, ఇంతవరకు బండి కట్టని తట్టువ గురించి. వయసును అమ్మకందారు మాట మీద కాక పళ్ళను బట్టి నిర్ణయించుకోండి. గుర్రానికి మధ్య ముందరి పళ్ళు సుమారు రెండున్నర ఏళ్ళకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు మారతాయి. ఎముక ముదరని పిల్లకు బరువు కడితే ఆ తప్పు కాళ్ళలో జీవితాంతం కనిపిస్తుంది.

మొదటి నెల పరిచయానికి కేటాయించండి. ధనుర్వాతం టీకా, నట్టల మందు, లాడాలు వేయించడం ఈ కాలంలోనే పూర్తి కావాలి. గుర్రం మనిషి పక్కన నడవడం, ‘ఆగు’ అంటే ఆగడం, నాలుగు కాళ్ళూ ఎత్తి ఇవ్వడం నేర్చుకోవాలి. తోలు పట్టీలను ఒక్కసారిగా కాక, రోజుకొకటి చొప్పున వంటికి అలవాటు చేయాలి. కళ్ళగంతలు కట్టినప్పుడు దానికి వెనుక ఏముందో కనిపించదు. కనుక ముందుగా మీ గొంతు దానికి నమ్మకమైన గుర్తు కావాలి.

రెండవ నెలలో పొడవైన పగ్గాలు పట్టి వెనుక నడుస్తూ తోలాలి. బండి లేదు, మీరే బండి. కుడి, ఎడమ, నిలుపుదల, తిరిగి నడక, ఇవి నిదానంగా కుదరాలి. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. గుర్రం సరిగా చేసిన క్షణంలో ఆపి మెచ్చుకోవడం గంటసేపు లాగడం కంటే మేలు.

మూడవ నెలలో బరువు మొదలవుతుంది. మొదట తాడుకు ఒక పాత టైరు కట్టి లాగించాలి. బెదిరితే వెంటనే తాడు వదిలేసే వీలు ఉండాలి. తరువాత రెండు వెదురు గడలను ఇరువైపులా కట్టి, నొగలు డొక్కకు తగలడం అలవాటు చేయాలి. ఆ తరువాతనే ఖాళీ బండి, చదునైన మెత్తని నేల మీద, గుర్రం తల దగ్గర ఒక సహాయకుడు నిలబడగా. ఇక్కడ రెండు నియమాలకు మినహాయింపు లేదు. బండి కట్టి ఉండగా కళ్ళెం తీయరాదు; కట్టేటప్పుడు కళ్ళెం, పగ్గాలు ముందు, విప్పేటప్పుడు అవి చివర. బండిలోకి మొదట ఎక్కవలసినవాడు, చివరగా దిగవలసినవాడు తోలేవాడే. ప్రయాణికులు ఉండగా పగ్గాలు ఒక్క క్షణమైనా ఖాళీగా ఉండకూడదు.

నాలుగవ నెల రోడ్డుకు, శబ్దానికి. తెల్లవారుజామున రద్దీ లేని వీధితో ఆరంభించి, క్రమంగా పెద్ద రోడ్డుకు రావాలి. బ్యాండు సాధన చేసే చోటికి దూరంగా నిలబెట్టి, గుర్రం చెవులు కుదురుకున్నాక నాలుగు అడుగులు దగ్గరకు తీసుకుపోవాలి. సూరత్‌లో వంతెనలు ఎక్కువ. దిగుడులో బండి గుర్రం మీదికి తోసుకురాకుండా ఆపేది వెనుక తొడల చుట్టూ వచ్చే పట్టీ. అది లేని బండిని వంతెన ఎక్కించవద్దు. రెండు చక్రాల బండిలో తూకం కూడా ముఖ్యమే. జట్కావాలా ‘ముందుకు జరగండి, వెనక్కు జరగండి’ అని ఊరికే అనేవాడు కాదు. బరువు ముందుకు పడితే గుర్రం వీపు నలుగుతుంది. వెనక్కు పడితే నొగలు పైకి లేచి పొట్టకింది పట్టీ కోసుకుంటుంది.

ఇంత కాలం ఎక్కడి నుండి వస్తుందని మీరు అనుకోవచ్చు. దానికి జవాబు పంచాంగంలోనే ఉంది. తొలి ఏకాదశి నుండి ఉత్థాన ఏకాదశి వరకు చాతుర్మాస్యం. గుజరాత్‌లో ఆ నాలుగు నెలలు పెళ్ళిళ్ళు సాధారణంగా ఉండవు. ‘దేవ్ ఊఠీ అగియారస్’ అని వారు పిలిచే ఏకాదశి తరువాతనే ముహూర్తాలు తెరుచుకుంటాయి. ఆపై మన ధనుర్మాసానికి సరితూగే ‘కమూర్తా’ రోజులలో మళ్ళీ విరామం, సంక్రాంతి దాటాక మళ్ళీ గిరాకీ. అనగా ఆదాయం లేని నాలుగు నెలలు సంవత్సరంలో ఎలాగూ ఉన్నాయి. ఆషాఢానికి ముందు గుర్రాన్ని కొని, చాతుర్మాస్యమంతా శిక్షణకు వినియోగించి, కార్తికంలో వ్యాపారం ఆరంభించేవారికి కాలం వృథా కాదు. మాఘంలో హడావుడిగా కొని ఫాల్గుణంలో ఊరేగింపుకు కట్టేవారే నష్టపోతారు.

కాబట్టి బ్యాంకు అధికారులకు ఒక విన్నపం. పంట రుణం వాయిదాను కోతల తరువాత పెడతాము. విత్తిన మరునెలలో వసూలు చేయము. అదే న్యాయం ఇక్కడ ఎందుకు వర్తించకూడదు? మొదటి నాలుగు నెలలు అసలు వాయిదాకు విరామం, ఆపై వాయిదాలు నెలనెలా సమానంగా కాక, ముహూర్తాల కాలంలో ఎక్కువగా, మూఢాలలో తక్కువగా ఉండాలి. శిక్షణ కాలపు మేత, పనివాని కూలి, లాడాలు, వైద్యం రుణంలో చేరాలి. రుణం మొత్తం పెరుగుతుందని, విరామ కాలంలో వడ్డీ కూడా చేరుతుందని అధికారులు ఆక్షేపించవచ్చు. నిజమే. అయితే లెక్క చూడండి. 250 కిలోల తట్టువకు రోజుకు శరీర బరువులో నూటికి రెండు నుండి రెండున్నర పాళ్ళు పొడి మేత కావాలి. అంటే 5 నుండి 6 కిలోలు. నాలుగు నెలలకు ఆరేడు క్వింటాళ్ళు. ఈ ఖర్చును తప్పించుకోబోయి, బెదిరిన గుర్రం ఒక్కసారి జనంలోకి దూకితే బండి, గుర్రం, మనుషుల ప్రాణాలు, పేరు అన్నీ ఒక్క సాయంత్రంలో పోతాయి. ఒకసారి అలా పారిపోయిన గుర్రం బండి అంటేనే భయపడుతుంది; దానిని మళ్ళీ దారికి తేవడం కొత్తదానికి నేర్పడం కంటే కష్టం.

రుణగ్రహీతలకు కూడా కొన్ని మాటలు చెప్పాలి. మీకు తోలడం కొత్త అయితే గుర్రం కూడా కొత్తది కారాదు. పగ్గాలు పట్టిన అనుభవం లేనివారు వయసు మళ్ళినా సరే, బండికి అలవాటైన నెమ్మది గుర్రాన్ని కొనడం ఉత్తమం. దానికి మీ బండి, మీ గొంతు అలవాటు కావడానికి కొద్ది వారాలు చాలవచ్చు. సౌరాష్ట్రలో పుట్టిన కాఠియావాడీ గుర్రం చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకుతాయి; చూడముచ్చటగా ఉంటుంది. అయితే చెవుల అందం చూసి కొన్న గుర్రం బాజాలకు బెదరదని హామీ లేదు. కొనే ముందు పశువైద్యుని ధ్రువపత్రం, గ్లాండర్స్ పరీక్ష తప్పనిసరిగా అడగండి. మనిషికీ సోకగల ఆ వ్యాధి నిర్ధారణ అయితే గుర్రానికి చికిత్స లేదు, చట్టప్రకారం దానిని తొలగించవలసిందే. బీమా కొన్న రోజు నుండే ఉండాలి. పని లేని రోజున ఉలవల దాణా తగ్గించండి. విశ్రాంతిలో నిండుగా తిని మరునాడు బరువు లాగిన గుర్రానికి కండరాలు బిగుసుకుపోయే జబ్బు వస్తుంది. సూరత్‌లో శాల కట్టేవారు 2006 ఆగస్టులో తాపీ వరద ఎంతవరకు వచ్చిందో ఇరుగుపొరుగును అడిగి స్థలం ఎన్నుకోండి. జనవరి 14, 15 తేదీలలో గాలిపటాల మాంజా దారం రోడ్లనిండా ఉంటుంది. ఆ రెండు రోజులు బండి కట్టకపోవడమే మంచిది.

చట్టం కూడా మీ లాభం వైపే ఉందని గుర్తించండి. 1965 నాటి నిబంధనల ప్రకారం భారం లాగే పశువును రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుండి 3 వరకు కట్టరాదు. తోలేవాడు, ఆరేళ్ళ లోపు పిల్లలు కాక బండిలో నలుగురికి మించరాదు. ముళ్ళ కళ్ళెం నిషిద్ధం. వీటిని భారంగా భావించినవారు ముంబై విక్టోరియా బండ్ల సంగతి తలచుకోవాలి. 2015లో అక్కడి హైకోర్టు ఆ షికారు బండ్లు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. గుర్రాల దుస్థితిపై వచ్చిన ఫిర్యాదులే దానికి మూలం. పశువును సరిగా చూడని వృత్తికి సమాజం ఎక్కువ కాలం అనుమతి ఇవ్వదు.

చివరగా గుర్రాలు, బండ్లు, తోలు సామాను అమ్మే డీలర్లకు. అమ్మకం పూర్తయిన రోజుతో మీ పని పూర్తయిందని తలచవద్దు. రొమ్ము పట్టీని గుర్రానికి కట్టి చూపి, దాని కింద అరచేయి సులువుగా దూరుతున్నదో లేదో కొనుగోలుదారు చేత పరీక్ష చేయించండి. శిక్షణ ఏ దశ వరకు జరిగిందో బిల్లుపై నిజాయితీగా రాసి ఇవ్వండి. ‘బండికి అలవాటు’ అన్న ఒక్క మాట చాలదు. ఎటువంటి బండికి, ఎంత కాలం, రద్దీలోనా, పొలంగట్టు మీదనా అన్నది రాయాలి. ఆ కాగితాన్ని బ్యాంకు కూడా గౌరవిస్తుంది.

రేపు మీరు శాఖకు వెళ్ళినప్పుడు గుర్రం ధర, బండి ధరతో పాటు మూడవ పద్దు కూడా దరఖాస్తులో రాయండి: నాలుగు నెలల శిక్షణ. అధికారి ఎందుకని అడిగితే పై లెక్క చూపండి. గుర్రం నేర్చుకున్నంతనే మీ రుణం భద్రం.