వేసవి అదే, వయసు వేరు

తిరుపతి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి ఇల్లు అలిపిరికి దగ్గరే. ఉత్తరం సారాంశం ఇది:

"మా ఇంట్లో మూడు తరాలవాళ్ళం ఉన్నాం. వేసవి వచ్చిందంటే పిల్లలకు పండగ. సెలవులు, మామిడికాయలు, గంగజాతర! వాళ్ళకు ఎండే కనపడదు. నాకు 48 ఏళ్ళు. చిన్నప్పుడు నేనూ అంతే. ఇప్పుడు ఏప్రిల్ వస్తోందంటేనే దడ. వంటింట్లో అడుగు పెడితే ముఖమంతా ఆవిర్లు. మా మామగారికి 72 ఏళ్ళు, రక్తపు పోటుకు మాత్రలు వాడుతున్నారు. ఆయనకు మాత్రం ఉక్క లేదట, దాహం లేదట! 'పాతికేళ్ళ వయసులో మిట్టమధ్యాహ్నం కొండెక్కినవాణ్ణి, నాకేమవుతుంది?' అంటూ ఈ మే నెలలో అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకుంటానంటున్నారు. నేను అనవసరంగా భయపడుతున్నానా?"

అమ్మా, మీ భయం అనవసరమైనది కాదు. మీ ఇంట్లో ముగ్గురికీ ఎండ మూడు రకాలుగా తోచడానికి కారణాలున్నాయి.

బయట ఎండ ఎంత కాసినా, మన ఒంట్లోని వేడి సుమారు 37 డిగ్రీల సెల్సియస్, అనగా 98.6 ఫారన్‌హీట్ దగ్గరే నిలవాలి. అందుకోసం రక్తం లోపలి వేడిని చర్మం దగ్గరకు మోసుకొస్తుంది. చెమట ఆరుతూ ఆ వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. ఈ ఏర్పాటు అన్ని వయసుల్లోనూ ఒకే తీరుగా పనిచెయ్యదు.

పిల్లలు

పిల్లల బరువుతో పోల్చి చూస్తే వారి చర్మం వైశాల్యం ఎక్కువ. అందువల్ల బయటి వేడిని త్వరగా గ్రహిస్తారు. చెమట పెద్దవాళ్ళ కంటే తక్కువ పడుతుంది. పైగా ఆటలో పడితే దాహం గుర్తుండదు. ఎండ మీద ఇష్టం ఉన్నంత మాత్రాన ఎండకు తట్టుకోగలరని అనుకోరాదు. పదకొండు నుంచి నాలుగు వరకు నీడపట్టున ఆడుకోనివ్వండి. అడగకపోయినా మధ్యమధ్య నీళ్ళు తాగించండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నా, ఆట మానేసి మూల కూర్చున్నా అశ్రద్ధ చేయకండి. ఆరు నెలలలోపు పసిబిడ్డలకు విడిగా నీళ్ళు అక్కరలేదు. తల్లిపాలే మరికొన్నిసార్లు ఇవ్వాలి.

నడివయసు స్త్రీలు

ఇక మీ సంగతి. బహిష్టులు ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గుతుంది. అప్పుడు మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే కేంద్రం కొద్దిపాటి మార్పుకే ఉలిక్కిపడుతుంది. ముఖం, మెడ, ఛాతీ మీద ఉన్నట్టుండి ఆవిర్లు రావడం, చెమట పట్టడం, గుండె దడదడలాడటం దాని లక్షణాలే. పొయ్యి వేడి తోడైతే చెప్పనక్కరలేదు. మీకు వేసవి మీద అయిష్టం కలగడంలో వింతేమీ లేదు. వంట పొద్దున్నే ముగించుకోండి. పలుచని నూలు చీరలు కట్టుకోండి. కాఫీ వల్ల, కారం వల్ల ఆవిర్లు హెచ్చుతున్నట్టయితే వాటిని తగ్గించండి. చలికాలంలో కూడా వేడి ఓర్వలేకపోవడం, బరువు తగ్గడం, చేతులు వణకడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

వృద్ధులు

అందరిలోకీ ఎక్కువ జాగ్రత్త కావలసింది మీ మామగారికే. వయసు పైబడిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. చెమట తగ్గుతుంది. చర్మానికి రక్తప్రసారం మందగిస్తుంది. మూత్రపిండాలు నీటిని పొదుపు చేయలేవు. రక్తపు పోటుకు ఇచ్చే మాత్రల్లో కొన్ని మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని తగ్గిస్తాయి. కనుక ఆయనకు ఉక్క పోయకపోవడాన్ని బలానికి గుర్తుగా తీసుకోకండి. ఎండ తగులుతూనే ఉంటుంది, ఆ కబురే ఆయనకు అందదు.

2003లో ఐరోపాలో వడగాడ్పులు వీచినప్పుడు ఒక్క ఫ్రాన్సులోనే సుమారు 15,000 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు వృద్ధులు. మన దేశంలో 2015లో వడదెబ్బకు రెండువేల మందికి పైగా బలయ్యారు. ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలవారే.

ఆయనకు నీళ్ళు దాహాన్ని బట్టి కాక గడియారాన్ని బట్టి ఇవ్వండి. గంటకో, గంటన్నరకో అరగ్లాసు. పలుచని మజ్జిగ, రాగి అంబలి శ్రేష్ఠం. రక్తపు పోటు ఉన్నది కనుక ఉప్పు తగ్గించి వేయండి. చక్కెర జబ్బు ఉన్నవారికి నన్నారి షర్బత్ పనికిరాదు. గుండె లేక మూత్రపిండాల జబ్బువల్ల నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే, ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. మాత్రలు సొంతంగా ఆపరాదు. వేసవికి ముందే ఒకసారి చూపించి మోతాదు సరిచూసుకోవాలి. 40 డిగ్రీలు దాటిన రోజున ఉత్త ఫ్యానుగాలి వేడిగాలే. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి ఫ్యాను వేస్తే మేలు.

కొండ మొక్కు

అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం చేరేసరికే పడుచువాళ్ళకూ ఆయాసం వస్తుంది. ఎక్కుతున్నప్పుడు కండరాలు లోపల వేడి పుట్టిస్తాయి, ఎండ బయట నుంచి కాలుస్తుంది. వయసు మళ్ళినవారు, రక్తపు పోటు, గుండెజబ్బు, ఉబ్బసం వంటివి ఉన్నవారు కాలినడకన రావడం శ్రేయస్కరం కాదని దేవస్థానంవారు 2024లో సూచించారు కూడా. ఘాట్ రోడ్డు 1944 నుంచీ ఉన్నది. ఈ వేసవికి మొదటి మెట్టుకు దణ్ణం పెట్టుకుని బస్సులో వెళ్ళి రమ్మనండి. నడిచే తీరాలంటే జనవరి, ఫిబ్రవరి దాకా ఆగి, డాక్టరు సరేనంటే, చల్లని వేళ, తోడుతో వెళ్ళాలి.

వడదెబ్బ తగిలితే

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, మనుషులను పోల్చుకోలేకపోయినా, స్పృహ తప్పినా వడదెబ్బగా భావించాలి. అప్పుడు ఒంటి వేడి 104 ఫారన్‌హీట్ దాటి ఉండవచ్చు. చెమట పడుతున్నదని ధైర్యపడకండి. వెంటనే 108కి ఫోను చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా చల్లటి నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు. జ్వరం మాత్ర ఇందుకు పనిచెయ్యదు.

పిల్లవాడు చెప్పడు, పెద్దాయనకు తెలియదు. వారిద్దరి దాహాన్నీ కనిపెట్టి చూస్తున్నది మీరే. మరి మిమ్మల్ని చూసుకునేవారు కూడా ఒకరుండాలి కదా! ఈ పేజీ మీవారికి చూపించండి.