తామర మనది, ఆకు మనది, పేపరు ఎవరిది?

ఏటా ప్రాజెక్టుల కాలం వస్తే చాలు, కోదాడ చుట్టుపక్కల తండాలకు కాలేజీ పిల్లలు వస్తారు. తామరకు ఏ ఆకు రాస్తారని అడుగుతారు. మనవాళ్లకు దాచుకోవడం తెలియదు. తగిరిస ఆకు నూరి రాస్తామని, గజ్జికి కానుగనూనె పూస్తామని చెప్పేస్తారు. ఆకులు సంచిలో పడతాయి, బండి కదులుతుంది. తర్వాత అచ్చులో మనం కనిపించేది ఒక్క మాటగానే: ‘స్థానికులు’.

ల్యాబులో జరిగేదీ మనం తెలుసుకోవాలి. ఆకును ఎండబెట్టి, పొడిచేసి, ఎక్కువగా మిథనాల్‌లో నానబెడతారు. ఆ సారాన్ని ఫంగస్ పెంచిన పళ్లెంలో చిన్న గుంటలో పోసి, చుట్టూ ఫంగస్ పెరగని జాగాను మిల్లీమీటర్లలో కొలుస్తారు. యాంటీఆక్సిడెంట్ పరీక్షకైతే డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణం ఉంటుంది. సారం కలిపితే అది పసుపుకు తిరుగుతుంది. టీ డికాక్షన్ పోసినా తిరుగుతుంది! మన అవ్వ మిథనాల్‌తో నూరలేదు, నీళ్లతోనో నూనెతోనో నూరింది. రాసింది పళ్లేనికి కాదు, పిల్లవాడి ఒంటికి. ఆమె చేసిన మందును ఎవరూ పరీక్షించనే లేదు.

పరీక్షలు వద్దనడం లేదు. కావాలి. మందులకు లొంగని తామర దేశమంతా పెరిగింది. షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీము రాస్తే దురద తగ్గినట్టుంటుంది, తామర మాత్రం పాకుతుంది. హాస్టల్ పిల్లల వీపులు చూసే టీచరుగా అడుగుతున్నా: మన ఆకు పనిచేస్తుందా, లేదా? చేయదని తేలితే అదీ మనకు చెప్పాలి.

వేపనూనెతో బూజును అరికట్టే పద్ధతి మాదేనని అమెరికా వ్యవసాయ శాఖ, గ్రేస్ కంపెనీ 1994లో యూరప్‌లో పేటెంటు తెచ్చుకున్నాయి. అది 2000లో రద్దయింది, 2005లో అప్పీలూ పోయింది. దేశం గెలిచింది, సంతోషం. కానీ ఆ తర్వాత దేశం కట్టుకున్న సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలోకి ఎక్కినవి సంస్కృత, అరబ్బీ, ఫారసీ, ఉర్దూ, తమిళ గ్రంథాలు. నోటి మీద బతికే తెలివికి అక్కడ చోటేది? కేరళలో కాణి తెగవాళ్లు ఆరోగ్యపచ్చ చూపిస్తే ‘జీవని’ మందు తయారైంది, లైసెన్సు సొమ్ములో సగం వాళ్లకు దక్కింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చన్నమాట.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, మొక్కల వివరాలు, వాటి గురించిన తెలివి రాసిన రిజిస్టరు ఉండాలి. 2018లో మన తండాలూ పంచాయతీలయ్యాయి. ఆ రిజిస్టరు మీలో ఎవరైనా చూశారా? 2023 సవరణతో గ్రంథస్థమైన తెలివి వాడుకునేవాళ్లకు వాటా పంచే బాధ్యత కూడా తప్పింది.

వచ్చే గ్రామసభలో ఆ రిజిస్టరు బల్ల మీద పెట్టమందాం. లేకపోతే మొదలుపెట్టమందాం. బీఎస్సీ చదివిన మన పిల్లలు రాస్తారు. ఆకు కోసం వచ్చినవాళ్ల చేత ముందు కాగితం రాయించుకుందాం: చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు అచ్చులో ఉండాలి, మనం నూరినట్టే నూరి పరీక్షించాలి, ఫలితం తెలుగులో తండాకు తెచ్చి చదివి వినిపించాలి. సంతకం పెట్టనివాళ్లకు మంచినీళ్లిచ్చి పంపుదాం.